స్విచ్ బాక్సులో వైరు ఎంత వదలాలి?

మా బాత్రూమ్ బయట గీజర్ స్విచ్ ఉంటుంది. ఓ చలికాలం పొద్దున అది వేయగానే లోపల చిటపటమని చప్పుడు, కాసేపటికి ప్లాస్టిక్ కాలిన వాసన. మెయిన్ ఆపి, ప్లేటు స్క్రూలు విప్పి ముందుకి లాగబోతే అర అంగుళం వచ్చి ఆగిపోయింది. వెనక వైర్లు అంత పొట్టిగా ఉన్నాయి మరి. ఫోన్ టార్చి వేసి సందులోంచి చూస్తే ఫేజ్ వైరు (కరెంటు వచ్చే వైరు) కొస నల్లగా మాడి కనిపించింది. స్క్రూడ్రైవర్ పెట్టడానికి చోటు లేదు. వచ్చిన ఎలక్ట్రీషియన్ కూడా తల పట్టుకున్నాడు. "వైరింగ్ చేసినాయన రెండంగుళాలు వదిలాడు సార్, దేన్ని పట్టుకుని పని చెయ్యమంటారు?" అన్నాడు. పది నిమిషాల్లో అయిపోవాల్సిన పని మధ్యాహ్నం భోజనాల దాకా సాగింది.

వైరింగ్ చేసిన మనిషి ఆదా చేసింది మహా అయితే ఆరంగుళాల వైరు. దాన్ని సరిచేసుకోవడానికి నాకు ఒక స్విచ్చు, ఒక సాకెట్టు, ఒక పూట కూలీ, అంచు పగిలిన టైలు ఒకటి ఖర్చయ్యాయి. ఆ తర్వాత పై అంతస్తు కట్టినప్పుడు వైరు లాగే రోజుల్లో కొలత టేపు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. అప్పుడు పాటించిన లెక్కలే ఇక్కడ రాస్తున్నాను. కొత్త ఇల్లు కట్టేవాళ్ళకీ, పాత బోర్డులు మార్పించేవాళ్ళకీ పనికొస్తాయి.

ముందు కొలత తెలుసుకోండి

దీనికి మన చెయ్యే చాలు. నాలుగు వేళ్ళు కలిపి పెడితే బెత్తెడు, అంటే దాదాపు 3 అంగుళాలు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా చాపితే జానెడు, దాదాపు 9 అంగుళాలు. మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి టేపుతో మీ చెయ్యి కొలుచుకుని పెట్టుకోండి. నా బెత్తెడు 3 అంగుళాల కన్నా కొంచెం ఎక్కువ, జాన మాత్రం ఎనిమిదిన్నరే.

పనికొచ్చే సూత్రం ఇది: వైరు పైపు నోట్లోంచి బయటికి వచ్చిన చోటి నుంచి అది బిగించాల్సిన స్విచ్ దాకా ఉన్న దూరం, దానికి బాక్సు లోతు, ఆపైన ఒక బెత్తెడు. చిన్న బాక్సు 3 అంగుళాల చదరం అనుకుందాం. ఒక మూలన పైపు, ఎదురు మూలన స్విచ్ ఉంటే మధ్య దూరం దాదాపు 4 అంగుళాలు. లోతు 2. బెత్తెడు 3. మొత్తం 9, అంటే జానెడు. అదే 8 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు ఉన్న పెద్ద బాక్సయితే మూల నుంచి మూలకే తొమ్మిదిన్నర వస్తుంది. లోతూ బెత్తెడూ కలిపితే పద్నాలుగున్నర. జానన్నర పైమాటే.

చివరి బెత్తెడు దేనికంటే, రేపు ఏదైనా మార్చాల్సి వస్తే ప్లేటుని గోడకి బెత్తెడు దూరం తెచ్చి, వెనక చెయ్యి పెట్టి, స్క్రూ కంటితో చూస్తూ తిప్పగలగాలి. అంతకన్నా తక్కువైతే తడుముకుంటూ బిగించాలి. తడుముకుంటూ బిగించిన స్క్రూ బిగిసిందో లేదో దేవుడికే తెలియాలి.

అమెరికాలో ఉండి ఇంట్లో స్విచ్‌లు సొంతంగా మార్చుకునే మనవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. అక్కడి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో 300.14 అనే నిబంధన ఇదే చెబుతుంది. వైరు బాక్సులోకి వచ్చిన చోటి నుంచి, లేదా కేబుల్ పైతొడుగు ఆగిన చోటి నుంచి, కనీసం 6 అంగుళాలు విడిగా ఉండాలి. బాక్సు నోరు ఏ వైపున చూసినా 8 అంగుళాల లోపే ఉంటే ఆ వైరు బాక్సు బయటికి కనీసం 3 అంగుళాలు రావాలి. అతుకూ బిగింపూ లేకుండా బాక్సులోంచి నేరుగా వెళ్ళిపోయే వైరుకి ఈ పట్టింపు లేదు. వాళ్ళ మూడంగుళాలూ మన బెత్తెడూ ఒకటే కావడం నాకు భలే నచ్చింది. కాకపోతే వాళ్ళు చెప్పింది కనీస కొలత. మన పెద్ద మాడ్యులర్ బోర్డుల్లో ఆరంగుళాలు పెట్టుకుంటే అవతలి మూలకి అందదు.

ఎందుకింత పట్టింపు?

పొట్టి వైరు ఎప్పుడూ బిగదీసి ఉంటుంది. మీరు సాకెట్లో ప్లగ్గు గుచ్చినప్పుడల్లా, పీకినప్పుడల్లా ఆ లాగుడు వెళ్ళి స్క్రూ కింద ఉన్న రాగి పోగుల మీద పడుతుంది. 16 ఆంప్స్ ప్లగ్గు పీకడానికి ఎంత బలం పెడతామో మీకు తెలిసిందే. ఏడాది రెండేళ్ళలో ఆ పట్టు సడలుతుంది. సడలిన చోట కరెంటుకి అడ్డు పెరుగుతుంది, అడ్డు పెరిగిన చోట వేడి పుడుతుంది.

ఎంత వేడి అంటారా? 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంప్స్ తీసుకుంటుంది. వదులైన ఆ కొస దగ్గర అడ్డు (దాన్ని ఓంలలో కొలుస్తారు) ఓంలో పదో వంతు ఉందనుకోండి. 8.7 ని 8.7 తో గుణించి 0.1 తో గుణిస్తే ఏడున్నర వాట్లు దాటుతుంది. పాత జీరో బల్బు పేరుకే జీరో, తినేది 15 వాట్ల దాకా. అందులో సగం వేడి గాలాడని బాక్సులో, ఒక చిన్న స్క్రూ కింద, రోజూ అరగంట పుడుతుంటే ప్లాస్టిక్ ఎన్నాళ్ళు ఆగుతుంది? ఎంసీబీ (కరెంటు ఎక్కువ పోతే దానంతటదే పడిపోయే స్విచ్) కూడా పడదు, ఎందుకంటే కరెంటు ఎక్కువేం పోవడం లేదు. అందుకే వాసన వచ్చేదాకా మనకి తెలియదు.

రెండో కారణం మామూలుది. స్విచ్ మార్చిన ప్రతిసారీ నలిగి నల్లబడిన కొసని కత్తిరించి కొత్తగా ఒలవాలి. ఒక్కోసారికి అర అంగుళం పోతుంది. మూడుసార్లు మారిస్తే అంగుళంన్నర. మొదట్లోనే రెండంగుళాలు వదిలిన చోట మూడోసారికి ఏం మిగులుతుంది?

బోర్డు విప్పే ముందు

మెయిన్ ఆపేస్తే సరిపోతుందని అనుకోకండి. మన ఇళ్ళల్లో ఇన్వర్టర్ ఉంటుంది. మెయిన్ ఆపగానే అది కరెంటు పోయిందనుకుని తన బ్యాటరీ మీంచి ఫ్యాన్లకీ లైట్లకీ సరఫరా మొదలుపెడుతుంది. ఒకే బోర్డులో కొన్ని స్విచ్‌లు మెయిన్ లైను మీదా, కొన్ని ఇన్వర్టర్ లైను మీదా ఉండటం మామూలే. కాబట్టి ఇన్వర్టర్‌ని కూడా దాని స్విచ్ దగ్గర ఆపండి. పైన సోలార్ ఉంటే దానిదీ.

తర్వాత టెస్టర్. ముందు కరెంటు ఉన్న చోట పెట్టి అది వెలుగుతోందని చూసుకోండి. అన్నీ ఆపాక మీరు విప్పే బోర్డులో ప్రతి వైరు మీదా పెట్టండి, నల్ల వైరుతో (న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైరు) సహా. చివర్లో టెస్టర్ ఇంకా పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి ఇంకోచోట కరెంటు ఉంటే మళ్ళీ పెట్టి చూడండి. చవకరకం టెస్టర్ వెలగలేదు కదా అని దాన్ని నమ్ముకుని చెయ్యి పెట్టకూడదు. మల్టీమీటర్ ఉంటే ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలవడం మేలు.

చట్టం సంగతి కూడా ఒక మాట. కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనలు బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ లాంటివి ఉన్నవాటి స్థానంలో అలాంటివే మార్చుకోవడానికి మినహాయింపు ఇస్తాయి. కొత్త వైరు లాగడం, పాయింట్లు పెంచడం, మార్పులు చేర్పులు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేతే చేయించాలి. కాబట్టి కింద రాసినదాంట్లో కొంత మీరు చేసుకునేది, చాలామటుకు దగ్గరుండి చేయించుకునేది.

వైరు లాగే రోజున

తప్పు సాధారణంగా ఇక్కడే జరుగుతుంది. కాయిల్ నుంచి వైరు లాగి, బాక్సు నోటి దగ్గర కటింగ్ ప్లేయర్‌తో టక్కున కత్తిరిస్తారు. అప్పటికి చూడ్డానికి సరిపడా ఉన్నట్టే ఉంటుంది. తర్వాత అదే పైపులో ఇంకో రెండు వైర్లు లాగుతారు. ఆ రాపిడికి ముందు లాగినవి రెండు మూడంగుళాలు లోపలికి జారిపోతాయి. సాయంత్రానికి ఎవరూ పొట్టిగా కత్తిరించకుండానే వైరు పొట్టిదైపోతుంది.

దీనికి మందు సులువు. ఒక పైపులో పోవాల్సిన వైర్లన్నీ ఒకేసారి స్ప్రింగుకి (పైపులోకి తోసి వైర్లు లాగే తీగకి) కట్టి లాగించండి. లాగాక కొసలన్నీ కలిపి టేపు చుట్టి, వెనక్కి మడిచి వదలండి. అన్ని వైర్లూ వచ్చాక, అప్పుడు కత్తిరించండి. కత్తిరించేటప్పుడు చిన్న బాక్సుకి పైపు నోటి నుంచి అడుగు, పెద్ద బోర్డుకి అడుగున్నర ఉంచమనండి. ఇది చివరి కొలత కాదు. బిగించే రోజున సరిచేసుకోవడానికి చేతిలో ఉంచుకునే పొడవు.

"అంత వైరు వేస్టు కదండీ" అంటారు. లెక్క వేద్దాం. ఇంట్లో పది బోర్డులు, బోర్డుకి పది కొసలు అనుకుంటే వంద కొసలు. ఒక్కోదానికి 10 సెంటీమీటర్లు అదనంగా వదిలితే మొత్తం 10 మీటర్లు. కాయిల్ 90 మీటర్లు ఉంటుంది కాబట్టి అందులో తొమ్మిదో వంతు. ఇదైనా పూర్తిగా వేస్టు కాదు. బిగించే రోజున కత్తిరించిన ముక్కలే స్విచ్‌కీ స్విచ్‌కీ మధ్య కరెంటు అందించే లూప్ వేయడానికి పనికొస్తాయి. ముక్కలు లేకపోతే ఎలాగూ కొత్త కాయిల్లోంచి కోసుకోవాలి.

కొలత ఎప్పుడూ గోడ పూర్తయ్యాక ఉండే అంచు నుంచి చూడండి. ప్లాస్టరింగ్ కాకముందే వైరు లాగితే బాక్సు అంచు మీద ఇంకా ప్లాస్టరింగ్ మందం, పుట్టీ, ఒక్కోచోట టైలు వస్తాయి. వంటింటి గోడకి టైలు, దాని కింద సిమెంటు కలిపితే అంగుళం దాకా పోతుంది. బాత్రూమ్ బయట మా గీజర్ బాక్సు గొడవ కూడా కొంత ఇలా వచ్చిందే.

లాగాక కొసల్ని చుట్టి బాక్సులోకి తోసి, పైన పాలిథిన్ కవరు పెట్టి టేపు వేయించండి. పెయింటర్లు పుట్టీ రాసేటప్పుడు తెరిచి ఉన్న బాక్సుని అస్సలు పట్టించుకోరు. తెల్లగా పుట్టీ పూసుకున్న వైర్లలో ఏది ఎరుపో ఏది నలుపో తేల్చుకోవడానికి ఒక్కోదాన్నీ గోకి చూడాల్సి వస్తుంది. కవరు మూసే ముందు ఏ వైరు ఏ పాయింటుదో టేపు ముక్క మీద రాసి కొసకి అంటిస్తే బిగించేవాడు మీకు దణ్ణం పెడతాడు.

ఏ బాక్సుకి ఎంత

మామూలు లైటు స్విచ్ బాక్సుకి పైన చెప్పిన జానెడు చాలు. ఫ్యాన్ రెగ్యులేటర్ ఉన్న బోర్డులో మాత్రం ఒకటి గమనించండి. రెగ్యులేటర్ ఒళ్ళు స్విచ్ కన్నా లోతుగా ఉంటుంది. దాని వెనక వైర్ల కట్ట కూరుకుపోకూడదు. రెగ్యులేటర్ని పైపు నోటికి ఎదురుగా కాకుండా పక్కకి పెట్టించుకుంటే వైర్లు మడవడానికి చోటు దొరుకుతుంది.

ఏసీ, గీజర్ పాయింట్లకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తారు. అది బిరుసుగా ఉంటుంది. చిన్న బాక్సులో దాన్ని ఠక్కున మడిస్తే మడత దగ్గర తొడుగు తెల్లబడుతుంది, స్ప్రింగులా ఎదురు తంతుంది. దీనికి లోతైన బాక్సు పెట్టించి, జానెడు వదిలి, గుండ్రంగా ఒకే ఒక్క వంపు వచ్చేలా చూడాలి. వైరు మందమైన కొద్దీ పొడవు కన్నా చోటు ముఖ్యం.

ఫ్యాను బాక్సులో స్లాబు కిందికి జానెడు వేలాడాలి. ఫ్యాను వైర్లని దాని పైన ఉండే గిన్నెలాంటి మూత లోపల కనెక్టర్ దగ్గర అతుకుతారు కదా, ఆ అతుకు మీద ఫ్యాను ఊగుడు పడకూడదు. బరువంతా కొక్కెం మోయాలి, వైరు వదులుగా ఒక వంపు తిరిగి ఉండాలి. ఫాల్స్ సీలింగ్ చేయించే ఆలోచన ఉంటే ఆ సంగతి వైరు లాగేవాడికి ముందే చెప్పండి. స్లాబు నుంచి సీలింగ్ ఎంత కిందికి వస్తుందో అంత, దానిపైన ఇంకో అడుగు. ఆ మధ్య దూరంలో వైరు ఒట్టిగా జిప్సం బోర్డు మీద పడుకోకుండా ఫ్లెక్సిబుల్ పైపులో రావాలి. చెప్పకపోతే లైట్ల వాడు వచ్చి సీలింగ్ పైన, మళ్ళీ ఎవరికీ కనపడని చోట, టేపు చుట్టిన అతుకులు వేసి వెళ్తాడు.

ఎంసీబీ బాక్సు సంగతి వేరు. ఇక్కడ పొదుపు చేసినంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. వైరు పై నుంచి వచ్చినా, దాని న్యూట్రల్ పట్టీ ఒక పక్క, ఎర్త్ పట్టీ ఇంకో పక్క, ఎంసీబీ మధ్యలో ఉండొచ్చు. వైర్లు బాక్సు గోడ పక్కన నిలువుగా దిగి, అడ్డంగా తిరిగి రావాలి. మధ్యలోంచి సాలెగూడులా అడ్డదిడ్డంగా పోకూడదు. అందుకని బాక్సు ఎత్తు, వెడల్పు కలిపి, ఆపైన జానెడు వదిలించండి. అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న బాక్సుకి అది మూడడుగుల పైచిలుకు అవుతుంది. రేపు ఒక ఎంసీబీని ఈ చివరి నుంచి ఆ చివరికి మార్చినా, మధ్యలో ఒక ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) చేర్చినా వైరు అందాలి. ప్రతి సర్క్యూట్ ఫేజ్‌నీ దాని న్యూట్రల్‌నీ ఒకే నంబరుతో జత చేసి టేపు అంటించండి. ఆర్‌సీసీబీ ఉన్నచోట ఒకదాని న్యూట్రల్ ఇంకోదాని పట్టీలోకి వెళితే అది ఊరికే పడిపోతూ ఉంటుంది, కారణం వెతకలేక ప్రాణం పోతుంది.

బిగించే రోజున

ప్లేటు ఫ్రేములో స్విచ్‌లన్నీ కూర్చోబెట్టి, ఆ ఫ్రేముని బాక్సుకి ఎదురుగా బెత్తెడు దూరంలో ఒకరు పట్టుకోవాలి. మా ఇంట్లో ఆ ఉద్యోగం నాదే. ఒక్కో వైరునీ అది చేరాల్సిన టెర్మినల్ (వైరు దూర్చి స్క్రూ బిగించే చోటు) దాకా తీసుకెళ్ళి, ఒక చిన్న వంపు ఉండేలా చూసి, అక్కడ కత్తిరించాలి. అన్నీ కట్టగట్టి ఒకే పొడవున కత్తిరించేస్తే దగ్గరవాటికి ఎక్కువ, దూరంవాటికి తక్కువ అవుతుంది. ఆకుపచ్చ ఎర్త్ వైరుని మిగతావాటి కన్నా అంగుళం పొడుగ్గా ఉంచండి. ఎవరైనా ఎప్పుడైనా బోర్డుని గట్టిగా లాగినా ఫేజ్ ముందు ఊడాలి, ఎర్త్ చివర్న ఊడాలి.

కొసన 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఒలవండి. చాలా స్విచ్‌ల వెనక ఎంత ఒలవాలో చిన్న గీత గానీ అంకె గానీ ఉంటుంది, అది చూసుకోండి. స్ట్రిప్పర్ వాడితే మంచిది. పళ్ళతో లాగడం, ప్లేయర్‌తో నొక్కి పీకడం వల్ల నాలుగైదు పోగులు తెగిపోతాయి. తెగిన పోగుల మేరకు వైరు సన్నబడినట్టే. పోగుల్ని కుడివైపుకి మెలిపెట్టి, టెర్మినల్ రంధ్రం పెద్దదైతే కొసని ఒకసారి వెనక్కి మడిచి దూర్చండి. రాగి బయటికి కనపడకూడదు, అలాగని తొడుగు స్క్రూ కిందికీ వెళ్ళకూడదు. బిగించాక వైరుని పట్టుకుని ఒకసారి లాగి చూడండి. ఊడితే ఇప్పుడే ఊడనివ్వండి.

స్విచ్‌కీ స్విచ్‌కీ మధ్య లూప్ ముక్కలు కూడా బిగుతుగా వేయకండి. పక్కపక్క స్విచ్‌లకి బెత్తెడు ముక్క తీసుకుంటే రెండు కొసలూ ఒలిచాక చిన్న విల్లులా వంగి కూర్చుంటుంది. 16 ఆంప్స్ సాకెట్‌కి వెళ్ళే లూప్ దానికి వచ్చే వైరు ఎంత మందమో అంతే ఉండాలి. లైట్ల కోసం వేసిన సన్న ముక్క మీంచి ఇస్త్రీ పెట్టె నడిపించకూడదు.

ఇక మడత. ఇక్కడే చెయ్యి తిరిగినవాడికీ తిరగనివాడికీ తేడా తెలుస్తుంది. మిగిలిన వైరుని చుట్టలా చుట్టి తోస్తే అది స్ప్రింగై ప్లేటుని బయటికి నెడుతూనే ఉంటుంది. చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు అటూ ఇటూ మడవాలి. ముందు ఎర్త్‌ని బాక్సు అడుక్కి, దాని మీద న్యూట్రల్, పైన ఫేజ్ వైర్లు. మడతలు పెట్టాక ఫ్రేముని నెమ్మదిగా నొక్కితే బాక్సులోకి జారాలి. మోకాలు పెట్టి తొయ్యాల్సి వస్తే ఎక్కడో వైరు ఎక్కువైనట్టు. ఫ్రేము స్క్రూలు వెళ్ళే రెండు పక్కల్లో వైరు లేకుండా చూసుకోండి. పొడవాటి స్క్రూ లోపల వైరుని గుచ్చుకుంటే, ఇనుప బాక్సయితే బాక్సంతా కరెంటే. ఆ బాక్సుకి పైపు దూర్చిన రంధ్రం అంచు కూడా పదునుగా ఉంటుంది. అక్కడ ప్లాస్టిక్ బుష్ (అంచుకి తొడిగే రింగు) ఉందో లేదో చూడండి.

అంటే ఎక్కువ వదలడం కూడా తప్పే. కొందరు భయం కొద్దీ రెండడుగులు చుట్టి కూరతారు. గాలాడక వేడెక్కుతుంది, ప్లేటు గోడకి ఆనదు. బిగించాక ప్లేటు వెనక కాగితం దూరేంత సందు ఉందంటే విప్పి, మళ్ళీ కుచ్చిళ్ళు పెట్టుకోవడమే.

ఇప్పటికే పొట్టిగా ఉంటే

పాత ఇల్లయితే మీకు కనిపించేది ఇదే. ముందు అవతలి బాక్సు విప్పి చూడండి, అక్కడ ఎక్కువ ఉండొచ్చు. ఇటు ఒకరు మెల్లగా లాగుతుంటే అటు ఒకరు లోపలికి తొయ్యాలి. రెండు మూడంగుళాలు వచ్చినా పండగే. కదలకపోతే ప్లేయర్‌తో బలవంతంగా లాగకండి, పైపు వంపు దగ్గర తొడుగు చిరుగుతుంది.

రానప్పుడు అదే మందం, అదే రంగు ఉన్న ఆరంగుళాల ముక్కని కనెక్టర్‌తో అతికించుకోవచ్చు. మీట ఎత్తి వైరు దూర్చి మూసే చిన్న లీవర్ కనెక్టర్లు ఇప్పుడు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతున్నాయి. వాటి మీద ఎన్ని ఆంప్సో, ఎంత మందం వైరు పడుతుందో రాసి ఉంటుంది, అది మీ లోడుకి సరిపోవాలి. అతుకు బాక్సులోపలే ఉండాలి. పైపులోకి గానీ ప్లాస్టరింగ్ కిందికి గానీ వెళ్ళకూడదు. మెలిపెట్టి టేపు చుట్టే పాత పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. మన ఎండాకాలానికి ఆ టేపు జిగురు కారిపోయి చుట్లు జారిపోతాయి. గీజర్, ఏసీ వైర్లకి అసలు అతుకే వద్దు, వైరు మొత్తం మార్పించండి. పాత వైరు కొసకే కొత్తది కట్టి అవతలి నుంచి లాగితే, పైపు మూసుకుపోకపోతే, గోడ పగలకొట్టకుండానే పని అయిపోతుంది.

బాగా పాత ఇళ్ళల్లో అల్యూమినియం వైరు ఉంటుంది. ఒలిస్తే వెండిలా తెల్లగా, మెత్తగా కనిపిస్తుంది, ఒకేచోట కొన్నిసార్లు వంచితే విరిగిపోతుంది. దాన్ని రాగితో కలిపి మెలిపెట్టకండి. ఆ రెండూ కలిసిన చోట తుప్పు పట్టి అతుకు వేడెక్కుతుంది. అలాంటి ఇల్లయితే ఒక్కో బాక్సు సరిచేస్తూ కూర్చోవడం కన్నా మొత్తం వైరింగ్ మార్పించడం మంచిదని నా అభిప్రాయం.

అంతా బిగించి కరెంటు ఇచ్చాక గీజర్ గానీ ఏసీ గానీ అరగంట నడిపి, ఆపేసి, పొడి చేత్తో ఆ ప్లేటు తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే మెయిన్, ఇన్వర్టర్ ఆపి మళ్ళీ విప్పాల్సిందే. ఈసారి ప్లేటు బెత్తెడు బయటికి వస్తుంది కాబట్టి వదులైన స్క్రూ ఏదో కంటికి కనిపిస్తుంది.